మహారాజశ్రీ ఫేస్ పౌడర్ గారికి

మహారాజశ్రీ లగ్జరీ ఇల్యూమినేటింగ్ ఫేస్ పౌడర్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. మీరు వెల్వెట్ సంచిలో క్షేమం, నేను బయట ఎలాగోలా. వచ్చిన దగ్గర్నుంచి అడగాలనుకుంటున్నా, అసలు మీ ఉద్యోగం ఏంటండీ? మామూలు పౌడరైతే జిడ్డు పీల్చి తన పని తను చూసుకుంటుంది, మీరేమో లోపల్నుంచి వచ్చే వెలుగు అని డబ్బా మీద రాయించుకున్నారు. డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాలు చదివితే ఆ లోపల ఉన్నది అభ్రకం, దాని రేకుల మీద పల్చగా టైటానియం డయాక్సైడ్ పూత, పూత మందం మారితే మెరుపు రంగు మారుతుంది, రేకు చిన్నదైతే నిగనిగ, పెద్దదైతే తళుకు. సొంత వెలుగు సున్నా. గదిలో లైటు వేస్తే దాన్నే తిప్పికొడతారు, లైటు ఆపితే మీరూ గోడ సున్నమూ ఒకటే.

పోనీ, కొన్నాను కదా కాస్త మెరవండి అంటే మెరిసినట్టు తెలియకూడదట! తెలిస్తే చవక రకమట. చూసినవాళ్ళకి ఏదో వేసుకున్నానని అనుమానం రాకుండా, "ఏంటి, రాత్రి బాగా నిద్రపోయావా?" అనిపించాలట, అదీ మీ గొప్ప. అనిపించారు కూడా. ఇంత డబ్బు పోసి కొన్నది నిద్రపోయిన మొహమా అండీ, నిద్ర ఊరికే వస్తుంది కదా... అంటే మీ బిల్లు చూసినప్పట్నుంచి రావట్లేదనుకోండి, అది వేరే విషయం. అందుకే నలుగురిలో కూర్చున్నప్పుడు అక్కర్లేకపోయినా మిమ్మల్ని బ్యాగులోంచి తీసి ఆ మాగ్నెట్ మూత టక్కుమని తెరుస్తున్నా, మొహం మీద కనపడని ఖర్చు చేతిలోనైనా కనపడాలి కదా.

ఇక మీ ఒంటి మీద ఆ బంగారు పువ్వు! బ్రష్ పెట్టడానికి ప్రాణం ఒప్పలేదు. తీరా పెడితే ఆ బంగారమంతా పైపైన స్ప్రే కొట్టిందేనట, నాలుగు రుద్దుళ్ళకి ఎగిరిపోయి కింద లేత గులాబీ పొడి తేలింది. పైన పటారం లోన లొటారం అన్నవాళ్ళు మీ తాలూకు మూత తెరిచి చూసినవాళ్ళే అయ్యుంటారు.

మీ జాతికి చరిత్ర ఉంది, కాదనను. ఫ్రెంచ్ సౌందర్య సాధనాల కంపెనీ గెర్లాన్ వాళ్ళు 1987లోనే మెటియోరైట్స్ అని పౌడర్‌ని రంగురంగుల ముత్యాలుగా చుట్టి డబ్బాలో పోశారు. అవి కనీసం దొర్లుతాయి, కాలక్షేపం. మీరు పడుకునే ఉంటారు.

అన్నట్టు చెంప ఎముక మీద బాగానే చేస్తారు, ఒప్పుకోవాలి. కానీ ముక్కు పక్కన ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్న రంధ్రాలని, నుదుటి గీతల్ని పేరుపేరునా పిలిచి లైటు కింద నిలబెట్టమని మిమ్మల్ని ఎవరడిగారు?

చివరిగా మీ అడుగున మూత తెరిచిన బుల్లి డబ్బా బొమ్మ ఉంది, దాని మీద 24 నెలలని గడువు. ఉన్నది 10 గ్రాములే అయినా ఒక్కసారికి బ్రష్ కొసకి అంటినంత చాలు, ఎక్కువైతే మళ్ళీ మీకు నచ్చదు, అలా దాచుకుంటూ వాడితే మీరు ఉండగానే గడువు పోతుంది. కాబట్టి రేపట్నుంచి మెడకి, భుజాలకి, మోచేతులకి కూడా పూస్తున్నా, అవైనా బాగా నిద్రపోయినట్టు కనపడనీండి.

ఇట్లు,
మీ వాయిదాలు కడుతున్న మొహం