సవరణ: వాతావరణ లెక్కలివ్వకపోతే జరిమానా లేదు

బెంగళూరు మారతహళ్లి తెలుగువాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, 2024 డిసెంబరు 31లోగా పారదర్శకత నివేదిక (భూమిని వేడెక్కించే వాయువులు తమ దేశంలో ఎన్ని వెలువడుతున్నాయో లెక్క చెప్పేది) ఇవ్వని దేశాలకు జరిమానా పడుతుందని ఉంది. అలాంటిదేమీ లేదు. ఇది శిక్షించే ఏర్పాటు కాదని ఈ నివేదికలు అడిగే పారిస్ వాతావరణ ఒప్పందం 13వ అధికరణమే చెబుతోంది. బాగా వెనకబడిన దేశాలకు, చిన్న ద్వీప దేశాలకు గడువులోనూ వెసులుబాటుంది.

ఇంకోటి. గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ (పర్యావరణ పనులకు వర్ధమాన దేశాలకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి) ద్వారా అందే పారదర్శకత సాయం సోలార్ ప్లాంట్లకని ఆ పోస్టులో ఉంది. అది సోలార్ ప్లాంట్లకు కాదు, ఈ నివేదికల లెక్కలు కట్టడం నేర్పడానికి. అదేం చిన్న పని కాదు. మన అపార్ట్‌మెంట్ జనరేటర్ లాగ్‌బుక్కే చూడండి: లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఎన్ని లీటర్లు పోశారో రాయకపోతే (మనవాళ్లు రాస్తారా?) దేన్ని గుణిస్తాం? పశువులు, వరిపొలాలు, ఫ్యాక్టరీలు అన్నిటికీ దేశమంతా ఇదే తంటా. పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చాం.