డెలివరీ డేటు గారికి ఒక బాలింత ఉత్తరం

మహారాజశ్రీ డెలివరీ డేటు గారికి,

విజయనగరం కంటోన్మెంటు నుంచి ఒక బాలింత నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మొన్న ఆదివారం తమరు మా ఇంటికి వేంచేసినప్పుడు మర్యాద చెయ్యలేకపోయాం. చెవుల్లో దూది, దాని మీద స్కార్ఫు. తమరి అడుగుల చప్పుడు వినబడలేదు. పైగా అప్పటికి పాపకి పన్నెండు రోజులు. పురుడు కూడా అయిపోయింది. బూరెలు ఒక్కటీ మిగల్లేదు.

తమరు మా జీవితంలోకి వచ్చింది మార్చిలో. ఏఎన్ఎం అక్క కార్డు మీద నీలం పెన్నుతో 27-10-2024 అని రాసి, కింద రెండు గీతలు గీసింది. అంతే, ఆ రోజు నుంచి నన్ను పలకరించినవాళ్ళు తక్కువ, మిమ్మల్ని అడిగినవాళ్ళు ఎక్కువ. వాంతులు తగ్గాయా, కాళ్ళు వాస్తున్నాయా, ఐరన్ మాత్రలు పడుతున్నాయా అని ఎవరూ అడగలేదు. "డేటెప్పుడిచ్చారు?" ఒకటే మాట. కూరగాయల బండివాడు కూడా అడిగాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గనక మా అమ్మ సీమంతం, వెల్ల వేయించడం, పాత చీరలు ఉతికి గుడ్డలు చింపడం అన్నీ మీ చుట్టూ సర్దుకుంది. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా ఆయన 26 నుంచి లీవు పెట్టాడు. సిజేరియన్‌కి ముహూర్తం పెట్టించుకునే వాళ్ళని చూసి నవ్వుకునే ఇల్లు మాది. ముహూర్తానికి బదులు మిమ్మల్ని పెట్టుకున్నామని అప్పుడు తట్టలేదు.

ఆఖరి నెలల్లో నిద్ర పట్టక మీ పుట్టుపూర్వోత్తరాలు కాస్త తవ్వాను. రెండు వందల ఏళ్ళ కిందట జర్మనీలో నేగెలె అనే డాక్టరు ప్రచారంలోకి తెచ్చిన లెక్కట మీది. చివరి నెలసరి మొదటి రోజుకి ఏడు రోజులు కలపాలి, మూడు నెలలు వెనక్కి పోవాలి. నాది జనవరి 20. ఏడు కలిపితే 27, మూడు నెలలు వెనక్కి వెళ్తే అక్టోబరు. అయిపోయింది. కిరాణా చిట్టీ వెనకాల కూడా వేసుకోవచ్చు. ఇదంతా నెలసరి ఇరవై ఎనిమిది రోజులకోసారి గడియారంలా వచ్చేవాళ్ళకి. నాకెప్పుడొచ్చింది గనక!

పోనీ ఆ లెక్కయినా ఒక్కటేనా? ఫోన్లో యాప్ ఆ జనవరి 20 నుంచే 280 రోజులు ఒక్కొక్కటీ లెక్కపెట్టి 26 అంది. ఆ ఏడాది ఫిబ్రవరికి 29 రోజులొచ్చాయి మరి. స్కానింగ్ డాక్టరు 29 అన్నాడు. ఇంకా పుట్టని బిడ్డకి మూడు పుట్టినరోజులు. మా మామగారు మూడూ కాగితం మీద రాసుకుని సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్ళి, మూడు నక్షత్రాలతో తిరిగొచ్చారు. ఆయన మనసు 26 మీద పడింది. ఆ రోజుకి ఆపమని నాకు కబురు పంపలేదు గానీ, ఆ ఒక్కటే తక్కువ.

నూటికి నాలుగైదుగురు పిల్లలే మీరు చెప్పిన రోజున పుడతారట. నూటికి ఐదు మార్కులు తెచ్చుకుని ఇంత పెత్తనం చేస్తున్నది నాకు తెలిసి తమరొక్కరే. మా తమ్ముడికి లెక్కల్లో ముప్పై నాలుగొస్తే నాన్న రెండు రోజులు అన్నం మానేశాడు.

సరే, అసలు సంగతికొస్తాను. అక్టోబరు 14, సోమవారం. పైడితల్లి అమ్మవారి తొలేళ్ళు, అంటే పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను పండక్కి ముందు రోజు. ఊరంతా చుట్టాలు, మా ఇంట్లో పదకొండు మంది. రాత్రి ఎనిమిదింటికి అందరికీ వడ్డిస్తుంటే నడుము వెనకాల ఎవరో తువ్వాలు పిండినట్టయింది. అది మెల్లిగా ముందుకొచ్చి పొట్టని బిగించి వదిలేసింది. పప్పు గిన్నె కింద పెట్టేశాను. అమ్మ చూసింది. నా మొహం కాదు, గోడ మీద క్యాలెండరు.

"ఇంకా పదమూడు రోజులుంది కదే" అంది.

జీలకర్ర కషాయం ఇచ్చింది. దొంగ నొప్పులైతే దాంతో తగ్గిపోతాయి, నిజమైనవైతే ఎక్కువవుతాయి అని మా ఇళ్ళల్లో నమ్మకం. తగ్గలేదు. పదకొండింటికి నర్సింగ్ హోముకి వెళ్ళాం. డ్యూటీ నర్సు ముందు కార్డు తీసుకుంది. తరవాత మీ దర్శనం చేసుకుంది. ఆ తరవాత నన్ను పడుకోమంది. చెయ్యి పెట్టి చూసి, "రెండు సెంటీమీటర్లే. డేటింకా ఉంది కదమ్మా, దొంగ నొప్పులు. తొలి కాన్పు దాటుతుంది గానీ ముందుకి రాదు, ఇంటికెళ్ళి పడుకో" అంది.

న్యాయంగా చెప్పాలి. గర్భాశయ ముఖద్వారం రెండు సెంటీమీటర్లే తెరుచుకుంటే ఎక్కడైనా ఇంటికే పంపుతారు. తొలి చూలు సగటున కాస్త ఆలస్యమవుతుందన్నదీ నిజమే. నా బాధ దాని గురించి కాదు. ఎన్ని నిమిషాలకోసారి వస్తున్నాయని ఆవిడ నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడగవలసినవన్నీ మిమ్మల్నే అడిగేసింది.

ఇంటికొచ్చాక మా మామ్మ పక్కన కూర్చోబెట్టుకుంది. ఆరుగురిని కన్న మనిషి. ఒక్కరి డేటూ తెలీదు. మా నాన్న వరి కోతలప్పుడు, పెద్దత్త సిరిమాను వెళ్ళిన వారానికి, చిన్నత్త తుపాను రాత్రి. ఆవిడ పంచాంగం అదీ. చెయ్యి నా పొట్ట మీద వేసి అలాగే ఉంచింది. ఆ అరచెయ్యి గరుకు చీర మీంచి కూడా తెలుస్తోంది. నొప్పి వచ్చినప్పుడు వేళ్ళు కొంచెం పైకి లేచేవి, వదిలినప్పుడు దిగేవి. నాలుగైదు సార్లు చూసింది.

"ఏటన్నారు, దొంగ నొప్పులా? దొంగ చెప్పొస్తాడేటే? ఇయి పది నిమిషాలకోసారి చెప్పి మరీ వస్తన్నాయి!"

నిజం నొప్పులకీ దొంగ నొప్పులకీ తేడా పుస్తకాల్లో రాసేదీ ఇదే. క్రమంగా రావడం, దగ్గరపడడం, పడుకున్నా నడిచినా తగ్గకపోవడం. మామ్మ ఏ పుస్తకమూ చదవలేదు. అలాగని అన్నిట్లోనూ ఆవిడ మాట నిజమని కాదు. పొట్ట కోసుగా ఉంది, గుంటడే పుడతాడని కూడా ఆ రాత్రే ఢంకా బజాయించి చెప్పింది.

తెల్లారేసరికి ఎనిమిది నిమిషాలు, పదకొండింటికి ఐదు. మా ఆయనకి ఫోన్ చేశాను. "డేటు 27 కదా?" అన్నాడు. నేనేమన్నానో ఇక్కడ రాయను. ఒంటిగంటన్నరకి టీవీ ముందు నిలబడి ఉంటే ఉమ్మనీరు పోయింది. టీవీలో సిరిమానుకి పూజలు చూపిస్తున్నారు. అందరూ దండం పెట్టుకుంటున్న చేతులతోనే నా వైపు తిరిగారు. ఆస్పత్రి బ్యాగు సర్దలేదు, డేటు ఉంది కదా అని. దసరాకి కొన్న చీరల సంచీ ఒకటి కనిపిస్తే అమ్మ అదే పట్టుకుని బయల్దేరింది. పాపని మొదట చుట్టింది కొత్త వెంకటగిరి పమిటలో.

సిరిమాను మంగళవారం మధ్యాహ్నం మా ఊరు తెలిసినవాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు. మా ఇంటికీ ఆస్పత్రికీ మధ్య మూడు లాంతర్ల సెంటరు. అమ్మవారి చదురు గుడి నుంచి కోట దాకా ఇసకేస్తే రాలని జనం. ఆటోవాడు ఇంకేం ఆలోచించకుండా రింగు రోడ్డు మీదుగా తిప్పాడు. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి "అప్పా, గట్టిగా పట్టుకో" అనేవాడు. ఆ రోజు నన్ను చూసి మాట్లాడినవాళ్ళలో మామ్మ తరవాత రెండో మనిషి అతనే. వెళ్ళేసరికి ఏడు సెంటీమీటర్లు. నర్సు మారింది. కొత్తావిడ చెయ్యి చాచింది. కార్డు కోసం.

లేబర్ రూములోకి అమ్మని రానివ్వలేదు. కాన్పు సమయంలో ఆడమనిషికి తను కోరుకున్న మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. 2018లో మళ్ళీ గట్టిగా చెప్పింది. గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్కని పట్టుకుని ఎవరినీ తొందరపెట్టొద్దని అప్పుడే అంది. ఆ కబురు ఆ గుమ్మం దాకా రాలేదు. తోడుకి నాకున్నది మంచం ఇనుప కడ్డీ. నొప్పి వచ్చినప్పుడల్లా దాన్నే పట్టుకున్నాను. తరవాత చూస్తే గోళ్ళ కింద ఆకుపచ్చ పెయింటు పెచ్చులు. పురుటి స్నానానికి కూడా పూర్తిగా పోలేదు.

పది సెంటీమీటర్లయ్యాక డాక్టరమ్మ వచ్చింది. "ముక్కమ్మా, ముక్కు! ఊపిరి వదిలెయ్యకు!" మూలన ఆయా ఫోన్లో సిరిమాను లైవు పెట్టుకుంది, సౌండు తగ్గించి. పాలధార, తెల్ల ఏనుగు, జాలరి వల, వాటి వెనకాల సిరిమాను. బయట నుంచి "జై పైడిమాంబ" అని ఒకటే కేక. నేనూ అరిచాను. ఎవరి అరుపు ఏదో తెలీదు. సాయంత్రం 5:20. రెండు కిలోల ఏడు వందల యాభై గ్రాములు. ఆడపిల్ల.

మా ఆయన ఎక్కిన బస్సు ఊరి బయటే ఆగిపోయింది. నడిచి వస్తూ జనంలో ఇరుక్కుని, ముందుకి పోలేక వెనక్కి రాలేక, కోట దగ్గర నిలబడి సిరిమాను పూర్తిగా చూశాడు. నాకు ఇరవై ఆరేళ్ళు, ఈ ఊళ్ళో పుట్టిన దాన్ని. నేను చూడని ఒకే ఒక్క ఏడాది అది. అరటిపండ్లు కూడా తెచ్చాడు.

బిడ్డని గంటలోపే రొమ్ముకి పెట్టారు, ముర్రుపాలు పట్టించారు. ఆ ఒక్క పనీ మిమ్మల్ని అడక్కుండా చేశారు. తరవాత వచ్చినవాళ్ళందరిదీ మళ్ళీ మీ పాటే. "అయ్యో, పన్నెండు రోజులు ముందే పుట్టేసిందా? నెలలు నిండాయా?" ముప్పై ఏడు వారాలు దాటితే నెలలు నిండినట్టే. మా పాపకి ముప్పై ఎనిమిది దాటి మూడు రోజులు. అది ముందు రాలేదండీ, మీరే ఆలస్యంగా వచ్చారు. ఈ మాట ఎంతమందికి చెప్పినా తల ఊపి, పాప చేతులు ఎత్తి చూసి, "అందుకే సన్నంగా ఉంది" అనేవారు.

26న యాప్ ఒక బొమ్మ పంపింది. "ఇవాళే ఆ శుభదినం! బ్యాగు సర్దుకున్నారా?" అని. పక్కన గుమ్మడికాయ, మీ బిడ్డ ఇంత ఉంటుందని. గుమ్మడికాయ నా ఒళ్ళోనే ఉంది, అప్పుడే తడిపింది.

మర్నాడు తమరు వచ్చారు. పొద్దున్నే మా ఆయన ఫోన్లో అలారం మోగింది, ఎప్పుడో మార్చిలో పెట్టుకున్నది. పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు. దాన్ని భుజాన వేసుకుని తిరుగుతుంటే వంటింట్లోంచి మామ్మ కేకేసింది.

"ఎవరే, పొద్దున్నే?"

"డెలివరీ డేటు, మామ్మా. ఇప్పుడే వచ్చింది."

"పురుడుకి రమ్మంటే ఎల్లుండొచ్చేడేటి? కూకోమను. బూరెలు అయిపోనాయని సెప్పు, మంచినీళ్ళియ్యి."

ఇట్లు,
కుట్లు ఇంకా లాగుతున్న ఒక బాలింత