అంబాసిడర్‌కి అరటిపువ్వు రంగు

మా వీధి చివర ఉండే మామ తన పాత అంబాసిడర్‌కి మెరూన్ రంగు వేయించాడు. ఆ రోజు నుంచి పొద్దున కాఫీ నాకు సాఫీగా గొంతు దిగడం లేదు. ఆ కారును ఆయన తెచ్చి పెట్టేది మా ఇంటి ముందు వేపచెట్టు కింద. పెట్టి పసుపు గుడ్డతో తుడుస్తాడు. తుడుస్తూ దారిన పోయే ప్రతి మనిషినీ ఆపి, "రిచ్ లుక్ వచ్చిండాది కదా?" అంటాడు. అది ప్రశ్న కాదు, చలానా. కట్టకుండా కదలనివ్వడు. పాలబ్బాయి కట్టాడు, కొరియర్ అబ్బాయి కట్టాడు. నేనైతే ఎన్నిసార్లు కట్టానో లెక్క మానేశాను.

మెరూన్ రిచ్ అని ఈయనకు ఎవరు చెప్పారో గానీ, తొంభైల దాకా రేణిగుంట జంక్షన్‌లో వచ్చే రైలూ పోయే రైలూ ఆ రంగే. జనరల్ పెట్టెలో మరుగుదొడ్డి పక్కన ఒంటికాలి మీద నిలబడి మద్రాసు పోయినవాళ్లం మేము. దిగాక వెనక్కి తిరిగి "అబ్బ, ఏం రిచ్‌గా ఉండాది" అని ఒక్కరం కూడా అనలేదు. తర్వాత రైల్వేవాళ్లు పెట్టెలకు నీలం వేసుకున్నారు. వాళ్లు వదిలేసిన రంగుకు మా వీధిలో ఇప్పుడు పట్టాభిషేకం జరుగుతోంది.

"రాజుల రంగు అల్లుడూ ఇది" అంటాడు మామ. ఆ ముక్క మాత్రం నిజమే. బ్రిటన్ రాజకుటుంబం వాళ్ల స్టేట్ కార్లకు ముదురు ఎరుపూ నలుపూ కలిపి వేస్తారు. ఆ ఎరుపును క్లారెట్ అంటారు. అది ఒక రకం వైన్ పేరు. మామ మందు ముట్టడు, శనివారం ఒంటిపూట భోజనం. అందుకని వైన్ అనే మాటను పక్కన పెట్టి రాజులను మాత్రం ఉంచుకున్నాడు.

అసలు చెప్పాల్సింది రంగు ఎంచిన రోజు గురించి. రేణిగుంట రోడ్డులో రంగులు కలిపిచ్చే అంగడికి మామ, అత్త, అత్త తమ్ముడు, నేను కలిసి ఆటోలో వెళ్లాం. నన్నెందుకు తీసుకెళ్లారంటే నేను పేపర్లకు రాస్తాను కాబట్టి రంగులు తెలుస్తాయని. అంగడి అబ్బాయి షేడ్ కార్డు తెరిచాడు. అందులో ఎన్ని మెరూన్లున్నాయో చూసి నాకు అక్కడే ఆకలేసింది.

అత్త సంచిలోంచి తన పెళ్లి పట్టుచీర తీసి కౌంటర్ మీద పరిచింది. "ఇదీ కావాల్సింది. అరటిపువ్వు రంగు."

"అదెట్లక్కా, అది మగ్గిన నేరేడు కదా" అన్నాడు తమ్ముడు.

మామకు ఇద్దరూ నచ్చలేదు. గొంతు సవరించుకుని, "ఎర్రచందనం దుంగ కోస్తే లోపల ఎట్లుంటాదో, అట్లుండాల" అన్నాడు, కొంచెం గట్టిగానే.

అంగడి గమ్మున అయిపోయింది. శేషాచలం కొండల కింద కాపురముండే మనిషికి ఎర్రచందనం దుంగ లోపల ఎట్లుంటుందో తెలిసి ఉండకూడదు. తెలిసినా నలుగురిలో అనకూడదు. థిన్నర్ డబ్బా కొంటున్న ఒకాయన చిల్లర కూడా తీసుకోకుండా బయటికి నడిచాడు. అంగడి యజమాని మెల్లగా, "సామీ, మీరు ఫొటోలో చూసినారు కదా?" అన్నాడు. "ఫొటోలోనే, ఫొటోలోనే" అన్నాం నలుగురమూ ఒకేసారి.

అబ్బాయి త్రాసు మీద డబ్బా పెట్టి, గ్రాముల లెక్కన ఎరుపు, నలుపు, ఇంకేవో కలిపి, మూత మీద ఒక చుక్క పూసి చూపించాడు. ట్యూబ్‌లైట్ కింద అది బొగ్గులా ఉంది. బయట ఎండలోకి తీసుకెళితే దానిమ్మ గింజ. మామ మూత పట్టుకుని, అత్త చీర పట్టుకుని, లోపలికీ బయటికీ తిరగడం మొదలుపెట్టారు. ఎండలో ఉన్నప్పుడు తమ్ముడు "ఒక చుక్క నలుపు" అంటాడు. నీడలోకి రాగానే అత్త "ఒక చుక్క ఎరుపు" అంటుంది. అబ్బాయి రెండు చుక్కలూ వేస్తాడు. మెరూన్ అనే మాట ఫ్రెంచివాళ్ల నుంచి వచ్చిందనీ, వాళ్లకు దాని అర్థం చెస్ట్‌నట్ కాయ అనీ, మన లెక్కలో చింతగింజ అనుకోవచ్చనీ నేను చెప్పబోయాను. నన్ను టీ తెమ్మని పంపారు.

టీలు తెచ్చేసరికి కొంప మునిగింది. మూత మీది చుక్క జారి పట్టుచీర మీద పడింది. నలుగురూ వంగి వెతుకుతున్నారు. చీర అంచు, చెంగు, కుచ్చిళ్లు అన్నీ తిప్పి చూశారు. మరక ఎక్కడ పడిందో ఎవరికీ కనిపించలేదు. అత్త తల పైకెత్తి, "ఇదే రంగు" అంది. అట్లా ఖాయమైంది.

అంతటితో ఆగితే మామ ఎందుకవుతాడు? ఫోనులో ఏదో అమెరికా వీడియో చూసి "క్యాండీ మెరూన్" కావాలన్నాడు. అంటే కింద వెండి రంగు, దాని మీద గాజులాంటి ఎరుపు పొరలు, పైన రంగులేని క్లియర్ పూత. వెలుతురు లోపలికి పోయి, వెండికి తగిలి, ఎరుపులోంచి వెనక్కి వస్తుంది. రంగు వేసే మేస్త్రి చేతులు జోడించాడు. ఒక్కో పొరకూ రంగు ముదురుతుందనీ, చేయి ఎక్కడ తడబడినా అక్కడ మచ్చ తేలుతుందనీ, రేపు గీత పడితే అతుకు కలవదనీ చెప్పాడు. మామూలు మెరూన్‌కి మామ దయతో దిగివచ్చాడు.

అందంగా లేదని నేననడం లేదు. అదే నా బాధ. కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా తయారైన ఈ బండిని మనం ఎక్కువగా తెలుపులోనే చూశాం. తెల్ల అంబాసిడర్ ఆగితే ఎవరో ఆఫీసరు దిగుతాడని చేతులు వాటంతటవే కట్టుకుంటాయి. మెరూన్ వేస్తే అదే బండి బానెట్ మీద, మడ్‌గార్డుల గుండ్రాల మీద వెలుతురు గీతలా జారుతుంది. పక్కన బంపర్ తళతళలాడుతుంది. పొద్దున్నే నీడలో దాదాపు నల్లగా నిలబడి, ఎండ తాకగానే లోపలెక్కడో నిప్పు రాజుకున్నట్టు ఉంటుంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తూ ఉండిపోయిన రోజులున్నాయి. మామకు చెప్పొద్దు.

ఎర్ర రంగులు ఎండకు త్వరగా వెలిసిపోతాయి, ముందు బానెట్టూ టాపూ పోతాయి. 40 డిగ్రీలు దాటే ఊళ్లో అందుకే ఆ కారు మా వేపచెట్టు కింద ఉంది. చెట్టు మీది కాకులకు మామ ఇంకా నచ్చజెప్పలేకపోతున్నాడు.

ఇది వింటేజ్ బండి అని కూడా చెప్పుకుంటున్నాడు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఇంజనూ ఛాసిస్ మార్చకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్ గుర్తుగా నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. మామ బండిలో ఉన్నది ఎప్పుడో మార్పించిన డీజిల్ ఇంజన్. ఆర్సీలో రంగు మార్పు రాయించాలి కదా అంటే "రాయిస్తాంలే" అన్నాడు.

రంగు వేసే షెడ్డుకు కూడా వెళ్లాను నేను. పాత రంగు గీకడానికి వాటర్ పేపర్ కొడుతుంటే తెలుపు కింద ఇంకో తెలుపు, దాని కింద లేత నీలం బయటపడింది. మేస్త్రి పిలిచి, "సార్, పుట్టినప్పటి రంగు" అని వేలితో నిమిరి చూపించాడు. మామ చూసి, "కప్పెయ్" అన్నాడు.

రంగు చిమ్మే గన్ పట్టింది మేస్త్రి కాదు, పంతొమ్మిదేళ్ల పిల్లోడు. మూతికి తడి తువ్వాలు. ఆ పెయింటు గట్టిపడడానికి కలిపే హార్డనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి. గన్‌లోంచి మంచులా లేచినప్పుడు పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు. ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత కొంచెం సోకినా ఊపిరాడదు. తువ్వాలు దాన్ని ఆపదు. బయటి గాలిని గొట్టంలో అందించే మాస్కు కావాలి. పిల్లోడు పక్కకొచ్చి ఉమ్మితే మెరూన్‌గా పడింది. అరటిపువ్వు కాదు, నేరేడు కాదు, మెరూన్. మాస్కు కొనివ్వు మామా అన్నాను. రంగుకు లక్షా నలభై వేలు ఖర్చు పెట్టిన మనిషి నవ్వి, "మాస్కెందుకప్పా, కరోనా పోయింది కదా" అన్నాడు. మేస్త్రీ నవ్వాడు. రిచ్ లుక్ అంట! థూ. ఎవడి ఊపిరి పోసి తెచ్చిన లుక్కది? కాకి రెట్ట పడితే పరుగెత్తుకొచ్చి తుడుస్తావే, ఆ పిల్లోడి పేరైనా అడిగావా? నేనూ అడగలేదు. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గేటు బయట నిలబడ్డాను.

మొన్న ఆ పిల్లోడు మా వీధిలో సైకిల్ మీద పోతూ కారు చూసి ఆగాడు. "ఒరేయ్, చెయ్యి పెట్టొద్దు, కొత్త పెయింటు!" అని మామ మేడ మీద నుంచి అరిచాడు. పిల్లోడు చెయ్యి పెట్టలేదు. మామ లోపలికి పోయాక నన్ను పిలిచి, ఎడమ వైపు వెనక తలుపు కింద చూపించాడు. అక్కడ రంగు కారి, ఒక బొట్టు గట్టిపడి ఉంది. ఆ పూట దగ్గుతెర వచ్చి చెయ్యి ఆగిపోయిందట.

మామకు అది ఇంకా కనిపించలేదు. నేను చెప్పను.