పరిగెత్తేవాళ్ళకు కొండ నల్లేరు మీద బండి నడక కాదు

ఈ వారంలో ఇది ఐదోసారి. ముందు మా రన్నింగ్ గ్రూపులో వచ్చింది, తర్వాత ఆఫీసు గ్రూపులో, నిన్న రాత్రి మా బావమరిది "బావా, నీకు పనికొస్తుంది చూడు" అంటూ పంపాడు. ఎవరు రాశారో పేరూ ఊరూ లేని మెసేజ్. "రన్నర్లకు హిమాలయం నల్లేరు మీద బండి నడక" అని మొదలవుతుంది. గంటలో పది కిలోమీటర్లు పరిగెత్తగలిగితే ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు వేరే ట్రెయినింగ్ అక్కర్లేదట. రన్నర్ల ఊపిరితిత్తులు పెద్దవి కాబట్టి, ఎత్తయిన చోట్ల ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బు వాళ్ళ దరిచేరదట, అందుకని దారిలో ఒళ్ళు అలవాటు పడటానికి ఆగే రోజులు దండగట. తలనొప్పి వస్తే కర్పూరం వాసన చూసి, నొప్పి మాత్ర వేసుకుని, ఒక పెగ్గు రమ్ముతో పడుకుంటే పొద్దున్నే లేచి నడవొచ్చట. వీటికి తోడు రోజుకు ఆరు లీటర్ల నీళ్ళు తాగాలట, వెల్లుల్లి సూప్ జబ్బును ఆపుతుందట, మాస్క్ పెట్టుకుని పరిగెత్తితే ఎత్తు అలవాటవుతుందట, చివర్లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ పేరు.

అక్టోబరులో మా గ్రూపు నుంచి ఆరుగురం అక్కడికే వెళ్తున్నాం. నాకిది రెండోసారి. మొదటిసారి బేస్ క్యాంపు చూడకుండానే వెనక్కి వచ్చాను, ఎందుకో కింద రాస్తాను. ఆ ఆరుగురిలో ముగ్గురు ఈ మెసేజ్‌ని నాకు పంపారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. వెల్లుల్లి సూప్ తాగండి, వేడిగా ఉంటుంది, ఆకలి పుట్టిస్తుంది. అది జబ్బును ఆపుతుందని మాత్రం నమ్మొద్దు. మాస్క్ పెట్టుకుని పరిగెత్తితే గాలి పీల్చడం కష్టమవుతుంది తప్ప గాలిలో ఒత్తిడి తగ్గదు. మూతికి ఏం కట్టుకున్నా నెక్లెస్ రోడ్డు ఉన్న ఎత్తు అయిదు వందల మీటర్ల పైచిలుకే. ఆరు లీటర్ల నీళ్ళు వద్దు. దాహం తీరేలా, మూత్రం లేత రంగులో ఉండేలా తాగితే చాలు. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అప్పుడు వచ్చేవీ తలనొప్పి, వికారం, మగతే కాబట్టి, ఎత్తు వల్ల వచ్చిందో నీళ్ళ వల్ల వచ్చిందో తేల్చుకోలేం.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి "డయామాక్స్ లక్షణాలను దాచేస్తుంది, వాడొద్దు" అని మరో ముక్క. దాచదు. అది మూత్రపిండాల ద్వారా బైకార్బొనేట్ అనే క్షారాన్ని బయటికి పంపి, ఊపిరి వేగం పెరిగేలా చేస్తుంది. అంటే ఒళ్ళు ఎలాగూ కొన్ని రోజుల్లో చేసుకునే పనిని తొందరగా చేయిస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు జాగ్రత్తపడాలి, కాబట్టి మీ డాక్టరును అడిగి నిర్ణయించుకోండి, ఫార్వర్డ్‌ని అడిగి కాదు.

ఇక ట్రెయినింగ్ సంగతి. పరుగు వృథా అని నేను అనను. గుండెకు దమ్ము ఇచ్చింది అదే, పొద్దున్నే అయిదింటికి లేవడం నేర్పిందీ అదే. కానీ చదును రోడ్డు మీద గంటసేపు పరిగెత్తడం వేరు, వీపున ఏడెనిమిది కిలోలతో రోజుకు ఆరేడు గంటలు రాళ్ళ మీద ఎక్కుతూ దిగుతూ పన్నెండు రోజులు నడవడం వేరు. ముఖ్యంగా దిగడం. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అందరూ ఎక్కుడు గురించే భయపడతారు. దిగేటప్పుడు తొడ ముందరి కండరం సాగుతూనే ఒంటి బరువునంతా ఆపాలి. దానికి అలవాటు లేని కండరం మర్నాటికి రాయిలా బిగుసుకుపోతుంది. అలిపిరి మెట్లు 3,550 ఎక్కాం కదా, మాకేంటి అని గ్రూపులో ఒకరు రాశారు. ఎక్కారు సరే. దిగింది బస్సులో కదా?

నేను ఏం చేస్తున్నానో చెప్తాను. మా అపార్ట్‌మెంట్ పన్నెండు అంతస్తులు. శనివారం పొద్దున బ్యాగులో అయిదు కిలోల బియ్యం సంచీ, రెండు లీటర్ల సీసా పెట్టుకుని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి మెట్ల మీదే నడుస్తాను. అంతస్తుకు మూడు మీటర్లు లెక్కేస్తే ఒక ఎక్కుడుకు 36 మీటర్లు, ఇరవైసార్లకు 720. బేస్ క్యాంపు దారిలో ఫాక్‌డింగ్ నుంచి నామ్చే బజార్‌కు ఎక్కాల్సింది 830. మొదటి శనివారం ఆరో రౌండులో దిగుతూ ఎనిమిదో అంతస్తు దగ్గర కాళ్ళు వణికాయి. కిందికి చూస్తే నా మోకాలి పైన చర్మం నా ప్రమేయం లేకుండా అదురుతోంది. పదకొండేళ్ళుగా పరిగెత్తుతున్న కాళ్ళవి. "దిగేటప్పుడు లిఫ్టులో దిగండి సార్, మోకాళ్ళు పోతాయి" అన్నాడు వాచ్‌మన్, పాపం మంచికే. దిగడం కోసమే ఎక్కుతున్నానని చెప్పాను. ఏడు వారాలయ్యింది, ఇప్పుడు పద్దెనిమిది రౌండ్ల దాకా వణుకు లేదు. వారంలో రెండు రోజులు నెమ్మదిగా ఆరేడు కిలోమీటర్ల పరుగు, ఆదివారం బ్యాగుతో నాలుగు గంటల నడక. వేగం గురించి ఆలోచించడం మానేశాను. అక్కడ పక్కవాళ్ళతో మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే కావాలి.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు నిద్రపట్టనివ్వనిది ఆ రెండు వాక్యాలు: రన్నర్లకు ఎత్తు జబ్బు రాదు, కాబట్టి ఆగే రోజులు దండగ.

ఎవరు చెప్పారు? పరుగు గుండెను మారుస్తుంది, కాళ్ళను మారుస్తుంది, రక్తాన్ని కొంత మారుస్తుంది. ఊపిరితిత్తుల సైజును పెద్దగా మార్చదు. మార్చినా లాభం లేదు, ఎందుకంటే బేస్ క్యాంపు ఉన్న 5,364 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడే సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సుమారు సగం. ఆ గాలికి ఒళ్ళు సర్దుకోవాలంటే ఊపిరి తీరు మారాలి, రక్తంలో ఆమ్లం–క్షారం లెక్క మళ్ళీ కుదరాలి. దానికి రోజులు కావాలి. ఆ రోజుల్ని పరుగులో గెలిచిన ఏ పతకమూ తగ్గించదు. 1962 యుద్ధకాలంలో మన సైనికుల్ని ఉన్నట్టుండి పదకొండు వేల అడుగుల పైన దించినప్పుడు ఏమైందో ఇందర్ సింగ్ అనే సైనిక వైద్యుడు, ఆయన సహచరులు 1969లో ప్రచురించారు. 1,925 మంది సైనికుల ఎత్తు జబ్బు కేసులు. రోజూ కవాతు చేసే పడుచు వయసు సైనికులకే అంతమందికి వస్తే, ఆదివారం ఆదివారం పరిగెత్తే మనకు రాదా?

పైగా మనకు ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ. మనకు దమ్ముంది కాబట్టి తొందరగా పైకి వెళ్ళిపోతాం. కాళ్ళు తీసుకెళ్ళిన చోటికి తల ఇంకా చేరదు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలి. ఈ నియమం కుంటివాళ్ళ కోసం, బద్ధకస్తుల కోసం పెట్టింది కాదు. దారిలో నామ్చేలో, ఆ పైన డింగ్‌బోచేలో ఆగేది అందుకే. ఆగడమంటే దుప్పటి కప్పుకుని పడుకోవడం కూడా కాదు. పగలు ఇంకాస్త పైకి ఎక్కి, రాత్రికి కిందికి వచ్చి పడుకోవడం.

మొదటిసారి మేం నలుగురం డింగ్‌బోచేలో ఆగలేదు. గైడు వద్దన్నాడు. మా నలుగురిలో వేగంగా పరిగెత్తే మిత్రుడు, హాఫ్ మారథాన్ గంటా నలభై అయిదు నిమిషాల లోపు చేసేవాడు, "ఒళ్ళు బాగానే ఉంది కదా, ఒక రోజు కలిసొస్తుంది" అన్నాడు. నేనూ సరే అన్నాను. తప్పు నాదీ. మర్నాడు లొబుచే చేరాం, 4,940 మీటర్లు. దారిలోనే అతనికి తలనొప్పి మొదలైంది. మాత్ర వేసుకున్నాడు. రాత్రి అన్నం ముట్టలేదు. రెండింటికి వాంతి. టార్చి వేసి చూస్తే, వాళ్ళమ్మ పూజ డబ్బాలోంచి ఇచ్చిన కర్పూరం చేతిరుమాలులో మూటకట్టి ముక్కుకు ఆనించుకుని కూర్చున్నాడు. "ఇది పీలుస్తుంటే హాయిగా ఉంది, ఊపిరి ఆడుతోంది" అన్నాడు.

హాయిగానే ఉంటుంది. కర్పూరం ముక్కులో చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి లేపుతుంది. గాలి ఎక్కువగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది. అనిపించడమే, వెళ్ళదు. రక్తంలో ఆక్సిజన్ ఒక్క పాయింటు కూడా పెరగదు. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో ఇదే కర్పూరం, వాము మూట మన ఫోన్లన్నీ తిరిగింది. జనం ఆసుపత్రికి వెళ్ళాల్సిన గంటల్ని మూట వాసన చూస్తూ పోగొట్టుకున్నారు. ఇప్పుడదే మూటకు కొండ బట్టలు తొడిగి మళ్ళీ పంపుతున్నారు. సిగ్గనిపించదా?

తెల్లారాక అతను బూటు లేసు కట్టుకోవడానికి కూర్చున్నాడు. ఒక కొసను ఉచ్చులా వేస్తాడు, రెండో కొస ఎటు తిప్పాలో తెలియక వదిలేస్తాడు, మళ్ళీ మొదలుపెడతాడు. అయిదు నిమిషాలు అలాగే. గైడు వచ్చి నేల మీద చెక్కల మధ్య గీత చూపించి, ఒక కాలి మడమకు రెండో కాలి బొటనవేలు ఆనిస్తూ దాని మీద నడవమన్నాడు. మూడో అడుగుకే గోడ మీద పడ్డాడు. "నిద్ర లేదు, అంతే" అంటున్నాడు, మాట ముద్దగా వస్తోంది. మెదడులో వాపు మొదలైందని గైడు నాతో మెల్లగా చెప్పాడు. గుర్రం దొరికేదాకా చెరో భుజం పట్టుకుని దించాం. ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ వైద్య కేంద్రంలో ఆక్సిజన్ పెట్టారు, వాపు తగ్గించే డెక్సామెథజోన్ ఇచ్చారు, ఇంకా కిందికి తీసుకెళ్ళమన్నారు. మర్నాడు సాయంత్రం పాంగ్‌బోచేలో నూడుల్స్ అడిగి తిన్నాడు. నేను బయటికి వెళ్ళి ఏడ్చాను. ఆ రాత్రి అతను ఇంకో మాత్ర వేసుకుని, రమ్ము తాగి నిద్రపోయి ఉంటే పొద్దున ఎవర్ని లేపేవాళ్ళం?

రమ్ము వెచ్చగా ఉంచుతుందన్నది చర్మం చెప్పే అబద్ధం. నిద్రలో అసలే తడబడే ఊపిరిని అది ఇంకా మందగింపజేస్తుంది. నొప్పి మాత్ర వేసుకోండి, తప్పు లేదు. కానీ అక్కడే ఆగండి. ఎత్తులో తలనొప్పి వస్తే, వేరే కారణం తేలేదాకా అది ఎత్తు జబ్బే. తగ్గకుండా పైకి వెళ్ళకూడదు. ముదిరితే, అడుగులు తడబడితే, కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తే, అర్ధరాత్రయినా సరే దిగాలి. రన్నర్లకు ఇది వినడం కష్టమని నాకు తెలుసు. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర నొప్పిని ఓర్చుకుని ముందుకు పోవడమే మనం నేర్చుకున్న విద్య. ఆ విద్యను అక్కడికి తీసుకురావొద్దు, దండం పెడతాను.

పూర్ణ సంగతి. పదమూడేళ్ళ పిల్ల ఎవరెస్టే ఎక్కింది, మీరు బేస్ క్యాంపుకు ట్రెయినింగ్ అంటారేంటి అని మెసేజ్ ముగుస్తుంది. ఆ అమ్మాయి 2014 మే 25న శిఖరం మీద నిలబడటానికి ముందు భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుంది, డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుంది, చలికాలంలో లద్దాఖ్‌లో ఉండి వచ్చింది. నెలల కష్టం. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన ఆ పిల్ల పడ్డ శ్రమనంతా తుడిచేసి, శ్రమ అక్కర్లేదనడానికి ఆమె పేరే వాడుకోవడం నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపించింది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. "యాభై దాటినా భయపడొద్దు" అని ఆ మెసేజ్‌లో ఉంది. అది చదివి, దీన్ని కూడా తిప్పికొడదామని కూర్చున్నాను. కుదరలేదు, అది నిజమే. గుండె, బీపీ పరీక్షలు చేయించుకుని డాక్టరు సరేనంటే, వయసు వల్ల ఎత్తు జబ్బు ఎక్కువగా వస్తుందని చెప్పలేం. పెద్దవాళ్ళు నెమ్మదిగా నడుస్తారు, ఆగమన్న చోట ఆగుతారు. మా గ్రూపులో యాభై ఆరేళ్ళ పద్మక్కను నేనే రెండు నెలలుగా వద్దంటూ వచ్చాను. నిన్న ఫోన్ చేసి, పరీక్షలు చేయించుకో అక్కా, నువ్వూ రా అన్నాను. శనివారం మెట్ల దగ్గరికి వస్తానంది.

ఈసారి మన ప్లానులో డింగ్‌బోచేలో రెండు రాత్రులు కాదు, మూడు వేశాను. నిన్న గ్రూపులో ఒక తమ్ముడు, మనలో అందరికంటే ఫాస్ట్, ఈ మెసేజ్ పెట్టి "అన్నా, ఒక రోజు తగ్గించుకోవచ్చేమో" అని అడిగాడు. కుదరదు తమ్ముడూ. అక్కడ మూడు రాత్రులు ఉండలేనివాళ్ళు ఈ ఆదివారంలోగా చెప్పండి, కాఠ్మాండూ టికెట్లు ఇంకా బుక్ చేయలేదు.