తలరాత గారికి, చిన్న సర్దుబాటు కోసం

అయ్యా తలరాత గారూ,

నమస్కారం. మీతో మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఏడుస్తూనో తిడుతూనో మాట్లాడతారు కాబట్టి, ఇలా తీరిగ్గా వచ్చిన ఉత్తరం చూసి మీకు అనుమానం కలగొచ్చు. నిజమే, పనుండే రాస్తున్నాను. నా దగ్గర స్వేచ్ఛ అనేది ఒకటుంది. కావాలంటే చేయొచ్చట, వద్దనుకుంటే మానేయొచ్చట, అంతా నా చేతుల్లోనే ఉందట. అది వరం అని చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చారు. వరమైతే ఇంత టెన్షన్ ఎందుకు పెడుతోందో మాత్రం ఎవరూ చెప్పలేదు. మీరేమైనా తీసుకుంటారా అని అడగడానికే ఈ ఉత్తరం.

ముందుగా మీకు జరుగుతున్న అన్యాయం ఒప్పుకోవాలి. పరీక్ష పాసైతే మా కష్టం, తప్పితే మీరు. వ్యాపారం నిలబడితే మా తెలివి, మునిగితే రాత బాగోలేదు. జీతం లేని ఉద్యోగం మీది, అదీ నష్టాల విభాగంలోనే, ఒక్క లాభం ఫైలైనా మీ టేబుల్ మీదకు వచ్చిన పాపాన పోలేదు. ఇక పక్కవాడి సంగతికొస్తే రూలు మొత్తం తిరగబడుతుంది. వాడు పైకొస్తే అదృష్టం, అంటే మీ దయ. వాడు బోర్లాపడితే మాత్రం చేసుకున్నవారికి చేసుకున్నంత! అంటే మనిషికి సంపూర్ణమైన స్వేచ్ఛ ఉండేది ఒకే ఒక్క సందర్భంలో, పక్కవాడై ఉండి ఓడిపోయినప్పుడు.

మీ తరఫున వాదించిన పెద్దలు లేకపోలేదు. విసిరిన రాయికి ఆలోచన ఉంటే అది తన ఇష్టంతోనే ఎగురుతున్నాననుకుంటుందని తత్వవేత్త స్పినోజా 1674లో ఒక ఉత్తరంలో రాశాడు. (అలాంటి రాళ్లు నాకు కొన్ని తెలుసు, పేర్లెందుకులెండి.) 1814లో లాప్లాస్ అనే ఫ్రెంచి గణితవేత్త ఇంకా పెద్ద మాట అన్నాడు. ఈ క్షణంలో విశ్వంలో ఏది ఎక్కడుందో, దేని మీద ఏ బలం పనిచేస్తోందో అన్నీ తెలిసిన బుద్ధి ఒకటుంటే, దానికి గతమూ భవిష్యత్తూ రెండూ కళ్ల ముందే ఉంటాయట. అంటే రేపు పొద్దున నేను లేచి వ్యాయామం చేస్తానో, అలారం నొక్కి మళ్లీ ముసుగు తన్నేస్తానో నక్షత్రాలు పుట్టిననాడే తేలిపోయిందన్నమాట. అలారం నొక్కిన ప్రతిసారీ ఆయన గుర్తొస్తాడు, ప్రాణం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

మీ కేసుకు అసలు బలం వచ్చింది 1983లో. బెంజమిన్ లిబెట్ అనే శాస్త్రవేత్త మనుషుల తలకు ఎలక్ట్రోడ్లు అంటించి కూర్చోబెట్టాడు. ఎదురుగా గడియారంలాంటి తెర, దాని మీద 2.56 సెకన్లకో చుట్టు తిరిగే వెలుగు చుక్క. మీకు ఎప్పుడనిపిస్తే అప్పుడు మణికట్టు కదపండి, అనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చెప్పండి, అంతే పని. కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు అనిపించిందని వాళ్ల మాటల్ని బట్టి తేలింది. మెదడులో సన్నాహం మాత్రం సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మొదలైపోయింది! నేను నిర్ణయించాను అని నేననుకునేసరికే లోపల ఎవరో ఫైలు కదిపేశారు, నాది కింద సంతకం మాత్రమే. ఆ రోజు మీరు ఎంత మురిసిపోయి ఉంటారో.

కానీ లిబెట్ గారే, అనిపించాక కూడా ఆగిపోయే వీలు మనిషికి ఉందని మెలిక పెట్టాడు. 2012లో షుర్గర్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం వచ్చి ఆ సన్నాహాన్నే ప్రశ్నించింది. మెదడులో ఎప్పుడూ ఏవో హెచ్చుతగ్గులు నడుస్తూనే ఉంటాయి, అవి ఒక గీత దాటినప్పుడు చెయ్యి కదులుతుంది, కదిలిన క్షణం నుంచి వెనక్కి చూసి సగటు తీస్తే ముందే నిర్ణయమైపోయినట్టు కనిపిస్తుంది, అంతేనన్నారు. కేసు వాయిదా పడింది. అయినా నాకు తెలియక అడుగుతాను, మణికట్టు కదపాలా వద్దా అని రాత్రంతా నిద్ర మానుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నిద్ర పట్టనివ్వనివి వేరే. ఉన్న ఉద్యోగం వదిలేయాలా, అమ్మకి ఆపరేషన్ చేయించాలా ఆగాలా, ఫోన్ చేసి క్షమించమనాలా. వాటికి ఏ చుక్కా తిరగదు.

ఇప్పుడు నా బాధ. 2002లో గిల్బర్ట్, ఎబర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు, ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. మీరు తీసిన వాటిలో బాగున్న రెండు ఫొటోలు మీరే ప్రింట్ వేసుకోండి, ఒకటి ఉంచుకుని రెండోది మాకిచ్చేయండి అన్నారు. కొందరికి ఇదే ఫైనల్, మళ్లీ మార్చడం కుదరదన్నారు. కొందరికి మనసు మారితే కొన్ని రోజుల్లో వచ్చి మార్చుకోవచ్చన్నారు. తర్వాత అడిగి చూస్తే, మార్చుకునే వీలున్నవాళ్లకే తమ ఫొటో తక్కువ నచ్చింది. ఇచ్చేసిన రెండోదే బాగుందేమో అన్న పురుగు తొలిచేస్తుంటే చేతిలో ఉన్నదాన్ని చూసి ఎవరు మురుస్తారు? అసలు తమాషా ఇక్కడ కాదు. ఈ రెండు పద్ధతుల్లో మీకేది కావాలి అని వేరేగా అడిగితే, ఎక్కువమంది మార్చుకునే వీలున్నదే కావాలన్నారు! సుఖం ఎటుందో అటు కాకుండా తలుపు ఎటు తెరిచి ఉంటే అటు వెళ్లే జాతి మాది. అలాంటి మాకు స్వేచ్ఛ ఇచ్చిందెవరో గాని, బాగా నవ్వుకునే ఇచ్చి ఉంటారు. పైగా సార్త్ర్ అనే ఫ్రెంచి తత్వవేత్త ఒకాయన, స్వేచ్ఛ మనిషికి పడిన శిక్ష అని 1945లో పారిస్‌లో ఉపన్యసించి, ఏదీ ఎంచుకోకపోవడం కూడా ఎంపికేనని ఉన్న కిటికీ కూడా మూసేశాడు.

ఇంతకీ మీ ఉద్యోగానికి ఎసరు పెడుతున్నవాళ్లు ఎవరో మీకు తెలుసా? శాస్త్రవేత్తలు కాదు, ఫారాలు తయారుచేసేవాళ్లు. 2003లో జాన్సన్, గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు అవయవదానం లెక్కలు అచ్చేశారు. దానం చేయడానికి సమ్మతించినట్టు లెక్కకొచ్చినవాళ్లు జర్మనీలో 12 శాతం, పక్కనే ఉన్న ఆస్ట్రియాలో 99.98 శాతం. ఆస్ట్రియావాళ్లందరూ దానకర్ణులని కాదు. జర్మనీలో ఇస్తానని ముందుకొచ్చి చెప్పాలి, ఆస్ట్రియాలో ఇవ్వనని ముందుకొచ్చి చెప్పాలి, అంతే తేడా. ఏమీ చెప్పనివాడి తరఫున ఎవరో ముందే చెప్పిపెట్టారు. అక్కడ అది మంచి పనికే పనికొచ్చింది, కాదనను. కానీ మీరు నుదుటి మీద కష్టపడి, ఎవరికీ అర్థంకాని లిపిలో రాస్తుంటే, వాళ్లు చదవగలిగే అక్షరాల్లోనే రాసేస్తున్నారు, మేం చదవమన్న ధీమాతో.

ఇంకో వాక్యం ఉంది, చూశారో లేదో. "ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా సంతకం చేస్తున్నాను." అప్పు కాగితంలో ఉంటుంది, ఉద్యోగం ఒప్పందంలో ఉంటుంది. నా ఇష్టం గురించిన ఆ మాట కూడా నాకోసం వాళ్లే అచ్చేయించి ఉంచుతారు, పాపం, నాకు శ్రమ ఎందుకని. రేపు చేతిలో డబ్బు లేకపోతే ఇల్లు గడవనివాడు ఆ కాగితం ముందు కూర్చుని, ఎన్ని గంటలు పనైనా సరేనని, ఎంత వడ్డీ అయినా సరేనని గీత మీద సంతకం పెడతాడు. తర్వాత నలిగిపోయి నోరు విప్పితే, నువ్వే కదా ఒప్పుకున్నావు అని అదే కాగితం తీసి చూపిస్తారు. దారులు పది ఉన్నవాడికి ఏది పట్టుకోవాలో తెలియక తలనొప్పి, దాన్ని భారం అనుకుంటాడు, దాని మీద ఇలా ఉత్తరాలు రాస్తాడు. దారి ఒక్కటే ఉన్నవాడికి మాత్రం స్వేచ్ఛ నడిచేటప్పుడు కనబడదు, పడ్డాక బిల్లు రూపంలో వస్తుంది. ఆ బిల్లు దగ్గర మాత్రం ఎవరూ మిమ్మల్ని తలుచుకోరు, ఎందుకంటే వాడు పక్కవాడు.

సరే, అసలు బేరానికి వద్దాం. రాత్రి ఏ సినిమా చూడాలి, ఏ చొక్కా వేసుకోవాలి, మెసేజ్‌కి ఇప్పుడే జవాబివ్వాలా లాంటివన్నీ ఈ క్షణం నుంచి మీవే, పైసా అడగను. పెద్ద నిర్ణయాల్లో చెడిపోయినవి ఎలాగూ మీ ఖాతాలోనే ఉన్నాయి, వాటి వరకు పాత ఏర్పాటే కొనసాగిద్దాం. మిగతా పెద్దవి కూడా అప్పగించేద్దామనే కూర్చున్నాను గానీ, ఉద్యోగం వదలాలా వద్దా అన్నది మీ చేతిలో పెట్టేసి, వదలకూడదని మీరు తేల్చేస్తే ఏం చేయాలా అని ఇందాకటి నుంచి పెన్ను ఆగిపోయింది.

కాబట్టి ఒక షరతు. ఇచ్చాక నా మనసు మారితే కొన్ని రోజుల్లో వచ్చి వెనక్కి తీసుకునే వీలుండాలి. ఒప్పుకుంటే ఒప్పందం కాగితం పంపండి, సంతకం చేస్తాను. ఇష్టపూర్వకంగా అన్న వాక్యం మాత్రం ముందే అచ్చేయించకండి, ఆ గీత ఖాళీగా ఉంచండి, ఏం రాయాలో అప్పుడు చూస్తాను.

ఇట్లు,
మీ నష్టాల విభాగంలో పాత ఖాతాదారు