ఆ టికెట్ డబ్బు దండగ కాదు

లండన్‌లో థియేటర్ల ప్రాంతమైన వెస్ట్ ఎండ్‌లో ఆడే మ్యూజికల్స్‌కి, అంటే పాటలతో సాగే నాటకాలకి, అంత ఖర్చు దండగ అని మీరు వేసిన వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. స్నేహితులతో లండన్ వెళ్లినప్పుడు లైసియం థియేటర్‌లో ‘ద లయన్ కింగ్’ చూశాం. మొదటి పాటకే మా పక్క నడవలోంచి పెద్ద ఏనుగు బొమ్మ నడిచొచ్చింది. ఒక్కో కాలిలో ఒక్కో మనిషి! వాళ్ల అడుగులు తెలుస్తూనే ఉన్నా ఒళ్లు పులకరించింది.

మర్నాడు ‘ద ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’. 1986లో మొదలైన నాటకం, మొదలైన థియేటర్‌లోనే ఇప్పటికీ ఆడుతోంది. మొదటి అంకం చివర పెద్ద షాండ్లియర్ తలల మీదుగా దూసుకొస్తుంటే నా ఫ్రెండ్ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. చిన్నప్పుడు సురభి వారి ‘మాయాబజార్’ చూసినప్పుడు కూడా నాకు ఇంతే సంబరం. పైగా పాటలకి ఎదురుగా ఆర్కెస్ట్రా వాయిస్తుంటే ఆ హాయే వేరు.

ధర భారమనిపిస్తే లెస్టర్ స్క్వేర్‌లోని టీకేటీఎస్ కౌంటర్‌లో అడగండి, తగ్గింపు టికెట్లు దొరుకుతుంటాయి.