గోపాల్‌పూర్‌లో రాత్రి జీవితం లేదన్న అపవాదుపై

తీరం, బజారు, రాత్రి జీవితం అనే మూడూ ఉంటే తప్ప సముద్రపుటూరికి పరువు దక్కదని బరంపురంలో మా పెద్దలు ఈ మధ్య టీ కొట్టు దగ్గర తీర్మానించారు. ఒడిశాలోని గంజాం జిల్లా గోపాల్‌పూర్‌కు మొదటి రెండూ ఉన్నాయని ఒప్పుకుంటూనే, మూడోది లేదని నిట్టూర్చి, ఒడ్డు పొడవునా రంగురంగుల దీపాలు పెట్టించాలని సూచించారు. వారి ఆవేదనను గౌరవిస్తూనే, అది అనవసరమని సవినయంగా మనవి చేయదలచాను.

తీరం గురించి వాదన లేదు. బజారంటే శంఖాలూ జీడిపప్పూ అమ్మే దుకాణాలే కావు. ఒడియా వారు నోలియాలని పిలిచే మన వాడబలిజ జాలర్ల ఆడవాళ్లు వంజరం చేపను తెలుగులో పొగుడుతుంటే, కొనేవారు దాన్ని ఒడియాలో తిట్టి, చివరికి ఏ భాషకూ లొంగని ధరకు పట్టుకుపోవడం కూడా బజారే.

ఇక రాత్రి. ఒకప్పుడు ఇక్కడ రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లే ఓడ కోసం కూలీలు మూటలతో ఇసుకలో జాగారం చేసేవారు. 1942లో రంగూన్ జపాను చేతిలో పడ్డాక ఆ ప్రయాణాలతో పాటు ఆ జాగారమూ ముగిసింది. ఇప్పుడు మెలకువగా ఉండేవి లైట్‌హౌస్, తెల్లవారక ముందే పడవ దించే నోలియాల ఇళ్లు మాత్రమేనని పెద్దల ఫిర్యాదు.

కొద్ది దూరం ఉత్తరాన, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట జరిగే రాత్రి జీవితాన్ని వారు లెక్కలోకి తీసుకోలేదు. మంచి ఏడాదైతే చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో ఒడ్డెక్కుతాయి. ఒక్కొక్కటీ వెనక కాళ్లతో గుంట తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి తిరిగి సముద్రంలోకి జారుకుంటుంది. గది అద్దె గురించి ఒక్కటీ పేచీ పెట్టిన దాఖలా లేదు. ఈ అతిథుల మర్యాద కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు అక్కడ తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం. ఇంటివాడు పస్తుండి వచ్చినవారికి పెట్టడం మన ఆచారమే కనుక, నోలియాలు దీన్ని ఎలాగూ అర్థం చేసుకుంటారని ఒడ్డున కూర్చున్న మనబోటివాళ్లం తేలిగ్గా అనేస్తాం.

చిక్కల్లా పిల్లలతోనే. దాదాపు నెలన్నర తరువాత రాత్రివేళ గుడ్లు పగిలి బయటికొచ్చే ఆ పిల్లలు, నీటి మీది వెలుగే దారి అనుకొని నడుస్తాయి. ఊరి దీపాలు అంతకన్నా మిన్నగా మెరిస్తే, సముద్రానికి వీపు చూపి ఊరివైపు బయలుదేరతాయి. అందుకే ఆ రోజుల్లో దీపాలు తగ్గించమని అటవీశాఖ వారు బతిమాలుతారు. పెద్దలు కోరిన దీపాలు అక్కడి దాకా వెలిగితే మన బజారుకు మొట్టమొదట పరుగెత్తుకొచ్చేది ఈ అరచేతిలో పట్టే ఖాతాదారులే. తెల్లవారేసరికి కాకులూ కుక్కలూ వాటి లెక్క తేల్చేస్తాయి. రద్దీ మాత్రం పెరిగినట్టే నమోదు చేసుకోవచ్చు.

ఈ సంగతంతా గోపాల్‌పూర్ వచ్చిన ఆ పెద్దలకే విన్నవిస్తే, తాబేళ్లు ఊళ్లో ఏమైనా ఖర్చు పెడతాయా అని ఒక పెద్దాయన అడిగారు. గుడ్లు పెడతాయన్నాను. ఆయన తృప్తిపడలేదు. చర్చ సాగేదే కానీ బరంపురం వెళ్లే ఆఖరి బస్సు వేళయింది. రాత్రి జీవితం కావాలన్న పెద్దలందరూ అందులో ఎక్కి, ఊరి పొలిమేర దాటక ముందే కునికిపాట్లు పడ్డారు.